క్రిస్మస్ పార్టీకి పదమూడో పాట

మొన్న మా కాలేజీ పిల్లలు నలుగురు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, క్రిస్మస్ పార్టీలో వెయ్యడానికి మీకిష్టమైన పాటలు చెప్పండి మేడమ్ అని అడిగారు. నేను ఆలోచించుకునే లోపలే వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ తీసింది. నా చేతిలోని టీ చల్లారక ముందే ఇరవై పాటల పట్టీ తయారైపోయింది. నా వంతుగా నేను చేసిందల్లా తల ఊపడమే. వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు నాలో నేను నవ్వుకున్నాను. నేను తయారుచేసిన మొదటి పట్టీలో ఉన్నవి పదమూడు పాటలే. వాటికి నాకు పది రోజులు, ఆరు బస్సులు, ఒక అబద్ధం పట్టాయి.

అప్పుడు నేను ఎచ్చెర్లలో పీజీ చదువుతున్నాను. మా ఇల్లు సాలూరులో, లారీ షెడ్ల వెనక వీధిలో ఉండేది. మా వీధిలో సగం మంది లారీల మీద బతికేవాళ్ళు, మిగతా సగం లారీలకు మరమ్మతులు చేసి బతికేవాళ్ళు. మా నాన్న ఇమ్మానుయేలు లారీ డ్రైవరు. రాయపూర్ వైపు సరుకు వేసుకుని వెళితే వారం పది రోజులకు గాని తిరిగి వచ్చేవాడు కాదు. డిసెంబరు వస్తే మా వీధికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. ఒకవైపు షెడ్లలో లారీలకు వేసే కొత్త రంగు వాసన, ఇంకోవైపు ఇళ్ళకు వేసే సున్నం వాసన, ఈ రెండింటి మధ్యా వంటింట్లోంచి గులాబీ పువ్వులు వేగుతున్న నూనె వాసన. మా అమ్మ అచ్చును నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి చిన్నగా కదిపేది. పువ్వు దానంతటదే విడిపోయి తేలేది. సెలవులకు ఇంటికి వచ్చి ఆ నూనె వాసన ముక్కుకు తగిలితే గాని నాకు క్రిస్మస్ వచ్చినట్టు ఉండేది కాదు.

ఆ ఏడు మా బాప్తిస్టు చర్చిలో పెద్ద విశేషం జరిగింది. ఎప్పుడూ హార్మోనియం, డోలకు పెట్టుకుని పెద్దవాళ్ళు పాడటమే గాని, పిల్లలు కోరినట్టు స్పీకర్లు పెట్టి పాటలు వేసుకునే పార్టీకి సంఘ పెద్దలు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ ఏడు ఒప్పుకున్నారు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం, చర్చి పక్క షెడ్డులో పార్టీ. అయితే రెండు షరతులు పెట్టారు. సినిమా బాణీలు ఉండకూడదు. సంఘంలో ప్రతి ఇంటికీ వెళ్ళి వాళ్ళకు ఏ పాట ఇష్టమో అడిగి, ఎక్కువమంది కోరినవే వెయ్యాలి. పాటలు ఎక్కించే పని మా స్టీఫెన్ బావది, ఎందుకంటే బస్టాండు దగ్గర ఫోన్ల మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే కొట్టు అతనిదే. ఇంటింటికీ తిరిగే పని నాది. ఆ మాట చెప్పగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇరవై ఒక్కేళ్ళ మనిషినని కూడా మర్చిపోయాను.

నోటుబుక్కు పట్టుకుని మూడు రోజులు తిరిగాను. అంత సందడిగా నేను ఏ పరీక్షకూ చదవలేదు. పాట పేరు అడిగితే ఎవరూ పేరు చెప్పరు, పాడి వినిపిస్తారు. టైర్లకు పంచర్లు వేసే దావీదు మావ చేతిలోని సుత్తితో రేకు మీద దరువు వేస్తూ, డప్పుల పాట ఒకటి మొత్తం నాలుగు చరణాలూ పాడాడు. మా ఎదురింటి నర్సమ్మ గారు వయొలిన్ ఒక్కటే మోగే నెమ్మది పాట కావాలంది. దాని మాటలు ఆవిడకు గుర్తు లేవు, వయొలిన్‌నే నోటితో పాడింది. కొండ మీది ఊరినుంచి వచ్చి మా సంఘంలో చేరిన ఒక కుటుంబం వాళ్ళ భాషలో చప్పట్ల పాట పాడారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు ఆ తాళానికే నడిచాయి. చిన్నపిల్లలంతా గంటలు మోగే ఇంగ్లీషు పాటలకే ఓటు వేశారు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినిపించి గాని వదల్లేదు.

కానీ ఒక చిక్కు వచ్చింది. ప్రతి ఇంట్లోనూ, పాట చెప్పడం అయిపోయి నేను గుమ్మం దాటబోతున్నప్పుడు, పెద్దవాళ్ళెవరో ఒకరు వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పేవారు. మీ తాత కట్టిన పాట, మీ సలోమి అత్త పాడేది, అది దొరికితే చూడు అని. కొందరు గొంతు తగ్గించి అడిగేవారు. నర్సమ్మ గారు మాత్రం తగ్గించలేదు. "ఎన్ని పాటలు రాసుకుంటే ఏటి, సలోమి పాట నేకపోతే అది కిస్మస్సు కాదే గుంటా" అంది.

మా తాత యోబు లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. పాటలు రాయడం ఆయనకు రాదు, ఎందుకంటే చదువే రాదు. మేకులు కొడుతూ కొడుతూ, ఆ దెబ్బల మీద మాటలు పేర్చుకునేవాడు. జ్ఞానులు ముగ్గురూ చుక్క వెంట కొండలు దిగి బాలుణ్ణి చూడ్డానికి వచ్చిన పాట ఆయనదే. ఆ జ్ఞానులు నడిచే దారి అచ్చం మా ఘాటు రోడ్డులాగే ఉంటుంది, మలుపులూ పొగమంచూ అన్నీ ఉంటాయి. తాత కడితే, ఆయన కూతురు, అంటే నాన్న చెల్లెలు సలోమి అత్త, క్రిస్మస్ ఆరాధనలో నిలబడి పాడేది. తాత ముందు వరసలో కూర్చుని మోకాలి మీద వేళ్ళతో తాళం వేసేవాడు. నా చిన్నతనంలో నాకు క్రిస్మస్ అంటే అత్త గొంతు. ఆవిడ పాట మొదలుపెట్టే ముందు ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినగానే నాకు ఒళ్ళు ఝల్లుమనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అత్త ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. పాతపట్నం నుంచి ట్రాక్టరు ట్రక్కుకి బాడీ కట్టించుకోవడానికి మా తాత షెడ్డుకి వచ్చిన రైతు కుర్రాడు తవిటినాయుణ్ణి ఇష్టపడింది. వాళ్ళు హిందువులు, తరతరాలుగా వరి పండించుకునే కుటుంబం. ఇంట్లో అడిగితే ఒప్పుకోరని భయపడి, ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. నాన్న కోపమంతా ఆ చెప్పకపోవడం మీదే. తనే ఎత్తుకుని పెంచిన చెల్లెలు తనతో ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయిందని ఆయన బాధ. ఆ ఏటినుంచి తాత చర్చిలో పాడటం మానేశాడు. ఆ పాట ఎవరైనా ఎత్తుకున్నా, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అది చూసి నాన్న మరింత బిగుసుకుపోయాడు. చెల్లెలి వల్లే తండ్రి గొంతు మూగబోయిందని నమ్మాడు. ఆరేళ్ళకు తాత పోయాడు. అత్త వచ్చి సమాధుల తోట గోడ దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయింది. నాన్న ఆ వైపు తిరగలేదు.

ఇంకో ఆరేళ్ళు గడిచాక, ఇదిగో, నా నోటుబుక్కులో ఆ పాట కూర్చుంది. అది ఏ క్యాసెట్టులోనూ లేదు, ఏ ఫోనులోనూ లేదు. సంఘంలో ముసలివాళ్ళకు పల్లవి వచ్చు, చరణాలు రావు. నేను భయపడుతూనే అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండా, గులాబీ పువ్వులు ఒక డబ్బా నిండా సర్ది, మూత బిగించి నా చేతిలో పెట్టింది. "మీ నాన్న పార్టీ రోజుకి గాని రాడు. ఎల్లి ఒచ్చీ" అంది. పన్నెండేళ్ళుగా ఆ డబ్బా కట్టాలని ఆవిడ ఎదురుచూస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

సాలూరులో ఎక్కి పార్వతీపురంలో ఒక బస్సు, కొత్తూరులో ఇంకో బస్సు మారి పాతపట్నం చేరాను. రెండో బస్సులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. ఎక్కడున్నావని అడిగితే, పార్వతీపురంలో నక్షత్రాలకు రంగు కాగితాలు కొంటున్నానని చెప్పాను. జాగ్రత్తగా ఇంటికెళ్ళు అన్నాడు. ఫోను పెట్టేశాక, నిజం చెప్పొద్దూ, నాకు భయం కన్నా సంబరమే ఎక్కువ. కిటికీలోంచి కోసిన పొలాలు, కుప్పలు, వాటి మీద వాలుతున్న పిట్టలు కనిపిస్తుంటే, నేనేదో గొప్ప సాహసం చేస్తున్నానని అనిపించింది.

అత్త వాళ్ళ కళ్ళంలో నూర్పులు జరుగుతున్నాయి. అత్త తలకు గుడ్డ చుట్టుకుని ధాన్యం తూర్పారబోస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక చేట కిందపెట్టి, నా మొహం రెండు చేతులతో పట్టుకుని, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చేతుల నిండా పొట్టు. నా బుగ్గలు దురద పెడుతున్నా నేను కదల్లేదు. డబ్బా మూత తీసి వాసన చూసి, వదిన చేసినవే అంది. అప్పుడు ఏడ్చింది.

పాట సంగతి చెప్పాను. మొదట వద్దంది. అన్నయ్యకు తెలిస్తే నీమీద కోపం వస్తుంది, నామీద ఉన్నది చాలు అంది. అంతలో కళ్ళం అవతలి నుంచి ఆవిడ అత్తగారు నీలమ్మ వచ్చింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చెవుల్లో బరువైన కమ్మలు, మాటకు మొహమాటం లేని మనిషి. ఏ పాట అని అడిగింది. నేను పల్లవి అందుకున్నాను. నా గొంతు అంతంత మాత్రమే అయినా ఆవిడ వెంటనే పోల్చుకుంది.

"ఇది మీ కిస్మస్ పాటా?" అంది ఆశ్చర్యంగా. "నానిన్నాళ్ళూ ఇది కళ్ళం పాటనుకున్నాను. ఏటా నూర్పులకి మా కోడలు ఇదే పాడతాది. నాకూ ఒచ్చు."

మేం ముగ్గురం ఒకేసారి నవ్వేశాం. అత్తకు ఆ నవ్వుతో బెట్టు పోయింది. నేను ఫోను ధాన్యం రాశి మీద పెట్టి, రికార్డు నొక్కాను. అత్త ఒకసారి దగ్గింది. నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. గొంతు కాస్త బొంగురుపోయింది గాని ఎత్తు తగ్గలేదు. రెండో చరణంలో నీలమ్మ కూడా కలిసింది, పక్కన చేట ఊపుతూనే. వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు, పిట్టల అరుపులు, అన్నీ ఫోనులో పడ్డాయి. ఇంకోసారి పాడమందామని అనుకున్నాను గాని, అనలేదు. అంతకన్నా బాగా రాదని నాకు తెలుసు.

స్టీఫెన్ బావ కొట్టులో ఆ పాట విని, చాలా సేపు తల గోక్కున్నాడు. పన్నెండు పాటలు ఎక్కించాడు, పదమూడో దాని దగ్గర ఆగాడు. మీ నాన్నకు కోపం వస్తే అందరి ముందూ గొడవవుతుంది, పెద్దలు ఇంకెప్పుడూ పార్టీకి ఒప్పుకోరు అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేం లేదు. నేను కూడా ఒక రోజంతా ఊగిసలాడాను. చివరికి, ప్రతి ఇంట్లోనూ అడిగిన పాట ఇదొక్కటే, షరతు ప్రకారం ఇదే ముందుండాలి, కనీసం చివరైనా వెయ్యి అన్నాను. వేస్తాను గాని నువ్వు నా పక్కనే నిలబడాలి అన్నాడు.

పార్టీ రోజున షెడ్డుకి రంగు కాగితాలు కట్టాం, వెదురు బద్దల నక్షత్రంలో బల్బు పెట్టాం. మూడు ఊళ్ళ సంఘాలవాళ్ళు వచ్చారు. దావీదు మావ డప్పుల పాట మొదలవగానే పిల్లలు కోలాటం అందుకున్నారు. కొండ ఊరి పాటకు మొత్తం షెడ్డు చప్పట్లు కొట్టింది. హార్మోనియం మాస్టారు మొదట మొహం ముడుచుకుని కూర్చున్నాడు గాని, వయొలిన్ పాట వచ్చేసరికి కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడించడం చూశాను. ఒక్కో పాటా మొదలైనప్పుడల్లా అది కోరిన ఇంటివాళ్ళు, అదుగో మాదే అని లేచి నిలబడేవారు. నేను తయారుచేసిన పట్టీకి అంతమంది ఊగుతుంటే నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. పన్నెండో పాట జరుగుతుండగా నాన్న వచ్చాడు. మధ్యాహ్నమే లారీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు విడిచేచోట వెనక కూర్చున్నాడు.

పదమూడో పాట అత్త దగ్గుతోనే మొదలైంది. దాన్ని తీసెయ్యమని బావ అంటే నేనే ఒప్పుకోలేదు. ఆ దగ్గు వినగానే ముసలివాళ్ళంతా ఒక్కసారి తలలెత్తారు. పాట సాగుతుంటే నర్సమ్మ గారు పల్లవి కలిపింది, ఆవిడ వెనక ఇంకో నలుగురు కలిపారు. నేను పాట వినలేదు, నాన్ననే చూస్తున్నాను. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. పాట అయిపోగానే లేచాడు. జనం మధ్యలోంచి నడిచి మా బల్ల దగ్గరికి వచ్చాడు. స్టీఫెన్ బావ నా వెనక్కి జరిగాడు.

"ఇంకోపాలి ఎయ్యి" అన్నాడు నాన్న.

వేశాం. బల్ల దగ్గరే నిలబడి విన్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి అయ్యాక, ఆ రెండో గొంతు ఎవరిదని నన్ను అడిగాడు. అత్త అత్తగారిదని చెప్పాను. పార్వతీపురంలో రంగు కాగితాల సంగతి అడుగుతాడనుకున్నాను, అడగలేదు. "ఆకరి మాట ఇద్దరూ తప్పు పాడతన్నారు. ఎల్లి సెప్పాల" అన్నాడు. అని, అమ్మ ఉన్న వైపు చూశాడు. అమ్మ అప్పటికే తల ఊపుతోంది.

మర్నాడు పొద్దున్నే ఖాళీ లారీలో బయల్దేరాం. క్యాబిన్లో నాన్న, నేను, అమ్మ, అమ్మ ఒళ్ళో కేకు. దారి పొడుగునా నాన్న ఆ పాట చివరి పాదమే గొణుక్కుంటూ నడిపాడు. 'సంటోడి మొకం సూస్తాం, తలుపు తియ్యమ్మా' అన్నది తాత కట్టిన పాదం. ఫోనులో అత్త పాడింది 'తలుపు తీసే ఉన్నాది' అని. నాకు ఆ తేడా తెలియనే తెలియదు, తెలిసేటంత వయసులో నేను ఆ పాట వినలేదు. నాన్నకు మాత్రం అది పంటి కింద రాయిలా తగిలింది. పన్నెండేళ్ళ తర్వాత చెల్లెలి ఇంటికి వెళ్ళడానికి ఆయనకు ఆ ఒక్క మాట సాకు దొరికింది, దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

అత్త వాకిట్లోకి వచ్చి, నాన్నను చూసి అక్కడే నిలబడిపోయింది. తవిటినాయుడు మావ పరుగున వచ్చి మంచం వాల్చాడు. నాన్న కూర్చోలేదు. బాగున్నావా అని కూడా అడగలేదు. ఆకరి పాదం తప్పు పాడావు అన్నాడు, తియ్యమ్మా అని కదా ఉండాల్సింది అన్నాడు.

"తప్పు కాదు అన్నియ్యా" అంది అత్త. "నాన్నే మార్సినాడు."

"ఎప్పుడు మార్సినాడు? నాను పుట్టినకాడ్నించి అలగే పాడినాడు."

"ఇక్కడికొచ్చినప్పుడు."

ఆ తర్వాత అత్త చెప్పింది చెప్పినట్టు మేం విన్నాం. తాత ఏటా నూర్పుల రోజుల్లో, పర్లాకిమిడి వైపు కలప చూసొస్తానని ఇంట్లో చెప్పి, పాతపట్నంలో దిగేవాడట. మొదటిసారి వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి, లోపలికి రావడానికి సిగ్గుపడి, 'తలుపు తియ్యమ్మా' అని తన పాట పాదమే పాడాడట. అత్త పొయ్యి దగ్గరనుంచి, తీసే ఉన్నాది నాన్నా అందట. అప్పటినుంచి ఆ మాటే పాటలో పెట్టుకున్నాడు. ఈ మంచం మీదే కూర్చుని, అన్నం తిని, అత్త పాపను ఒళ్ళో పెట్టుకుని పాట ఒకసారి పాడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. తను చనిపోయిన ఏడు తప్ప, ఆరేళ్ళలో ఒక్క ఏడూ మానలేదు. తాత చర్చిలో ఆ పాట వినలేక లేచి వెళ్ళిపోవడం కోపంతో కాదు. పాత మాట ఆయన నోటికి రావడం మానేసింది, కొత్త మాట పాడితే ఎందుకని అందరూ అడుగుతారు.

నాన్న మంచం అంచున కూర్చుని, నాకెందుకు చెప్పలేదని అడిగాడు. ఎవర్ని అడిగాడో, అత్తనో, తాతనో. అత్తే జవాబు చెప్పింది.

"ఆడు అడిగితే సెప్దునే అనీవోడు నాన్న. నువ్వు నా ఊసు అడగనేదట ఎప్పుడూ."

నాన్న రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. నీలమ్మ గుమ్మంలోంచి అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, మా అందరినీ ఒకసారి చూసి, ఇందులో గొడవేముందో తనకు అర్థం కాలేదంది. "నువ్వు తలుపు తియ్యమని అడుగు నాయినా. అది తీసే ఉన్నాదని సెప్తాది. రెండూ ఉంటేనే కదా పాట. ముందు కాళ్ళు కడుక్కోండి, అన్నం సల్లారిపోతాది."

నాన్న లేచి కాళ్ళు కడుక్కున్నాడు. అన్నాలయ్యాక ఇద్దరూ పాడారు. మా నాన్న గొంతు లారీ హారన్‌కి తక్కువేం కాదు, చరణాల్లో మాటలు సగం మర్చిపోయాడు కూడా. కానీ ఆ పాదం దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెల్లెలి వైపు చూసి, తలుపు తియ్యమ్మా అన్నాడు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉంటున్నాను. కావలసిన పాట ఏదైనా పేరు చెబితే ఫోను వినిపిస్తుంది. మంచిదే, నేనూ వింటాను. కానీ ఆ రోజుల్లో ఒక పాట కావాలంటే అది ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది, వెళ్ళాక ఆ మనిషి పెట్టింది తినాల్సి వచ్చేది. సాలూరు చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ ఆ పాట పాడుతున్నారు. చివరి పాదంలో మగవాళ్ళు తలుపు తియ్యమని అడుగుతారు, ఆడవాళ్ళు తీసే ఉన్నాదని చెబుతారు. ఇప్పటి పిల్లలు అది మొదటినుంచీ అలాగే కట్టిన పాట అనుకుంటున్నారు. నేను దిద్దను.